పలుకుబడికా, బడికా

మా నాన్న పోతూ పోతూ నాకొక కొట్టు ఇచ్చాడు. కొట్టే ధైర్యం మాత్రం ఇవ్వలేదు. ఇద్దామన్నా ఆ సరుకు ఆయన దగ్గరా లేదు.

తిరువూరు బజారులో మాది పచారీ కొట్టు, వెనకే ఇల్లు. పప్పులు, ఉప్పు, బెల్లం, చింతపండు, కిరసనాయిలు, లాంతరు చిమ్నీలు, తాళ్ళు. కొట్టు మాదే గానీ కొట్టు కింద నేల మాది కాదు. వినగడప వైపు మామిడితోటలున్న ఒక పెద్దాయన కుటుంబానిది. మా నాన్న కొత్తగా వ్యాపారం పెట్టుకునేటప్పుడు ఆ పెద్దాయన తండ్రి దగ్గరికి వెళ్ళి అడిగితే, "ఉండవయ్యా శెట్టీ, నిన్నెవరు పొమ్మంటారు?" అన్నాట్ట. ఆ ఒక్క మాట మీద మావాళ్ళు ఇటుకలు పేర్చారు. ఏటా దసరాకి అద్దె పట్టుకెళ్ళి ఇవ్వడమే తప్ప మధ్యలో కాగితం ముక్క లేదు. "ఎవరు పొమ్మంటారు" అనేది ఒక ప్రశ్న అనీ, ప్రశ్నకి ఎప్పుడో ఒకప్పుడు జవాబు రావచ్చనీ మా నాన్నకి తట్టలేదు. నాకు తట్టేసరికి చెయ్యెత్తే రోజు దగ్గర పడింది.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి, కర్నూలు రాజధానిగా ఉన్న కాలం అది. శాసనసభకి ఎన్నికలు వస్తున్నాయి. మా ప్రాంతం నుంచి పార్టీ టిక్కెట్టు ఎవరికివ్వాలో తాలూకా కమిటీ కూర్చుని తేల్చాలన్నారు. ఆ కమిటీలో నేనూ ఒక మెంబరుని. ఎలా అయ్యానంటే, మా కొట్టు అరుగు మీద రోజూ పేపరు చదివేవారు. పేపరున్న చోటికి జనం వచ్చారు, జనమున్న చోటికి పార్టీ వచ్చింది. అరుగుని మెంబరు చెయ్యడం కుదరదు కాబట్టి నన్ను చేశారు. సమావేశాల్లో నేను నోరు విప్పిన సందర్భం లేదు. అందరికీ మరమరాలు మాత్రం నేనే తెప్పించేవాణ్ణి.

టిక్కెట్టు కావాలన్నవాళ్ళు ఇద్దరు. ఒకరు మా నేల సొంతదారైన ఆ పెద్దాయనే. రెండోవారు ఒక మాస్టారు. క్రైస్తవుల స్కూల్లో చాలాకాలం పాఠాలు చెప్పి, ఉద్యోగం మానేసి పార్టీ పనిలోకి దిగారు. సన్నగా, పొడుగ్గా, చంకలో గొడుగు లేకుండా కనపడేవారు కాదు. పెనుగొలను నుంచి విస్సన్నపేట దాకా ఆయన దగ్గర ఓనమాలు దిద్దినవాళ్ళున్నారు.

"పెద్దాయనకి పలుకుబడి ఉంది, మాస్టారికి బడి ఉంది. తేడా అంతా పలుకులోనే ఉంది," అని అరుగు మీద నేనొక జోకు వేశాను. అందరూ నవ్వారు. సాయంత్రానికల్లా ఆ జోకు వినగడప చేరింది. జోకులకి బస్సు టిక్కెట్టు అక్కర్లేదు.

నాకు వరసకి బాబాయి అయ్యే నూనెమిల్లు యజమాని కూడా కమిటీ మెంబరే. ఆయన నన్ను మిల్లుకి పిలిపించి, ఆ చప్పుడులో నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"ఒరే అబ్బాయ్, నేను మాస్టారికే! మనవాళ్ళు ఇంకొందరు కూడా మాస్టారికే! అటూ ఇటూ సరిసమానంగా ఉంది. నీ చెయ్యే తేల్చాలి."

"నా చెయ్యా? తక్కెడ పట్టుకుంటేనే నా చెయ్యి ఒణుకుద్దని ఊరంతా అంటారుగా బాబాయ్."

"అది వ్యాపారపు ఒణుకులేరా. అది వేరు!"

అసలు ఎన్నికల్లో ఒక మర్యాద ఉండేది. ఒక్కొక్కరికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు, చాటుకి వెళ్ళి ఓటు కాగితం వేసి రావడం. ఎవరికి వేశామో పెట్టెకి తప్ప తెలీదు. కమిటీలో ఆ చాటు లేదు. అందరూ చూస్తుండగా చెయ్యెత్తాలి. మన భాషలో చెయ్యెత్తడమంటే మొక్కడమూ అవుతుంది, కొట్టబోవడమూ అవుతుంది. రెండు చేతులూ ఎత్తేస్తే ఇక నావల్ల కాదని అర్థం. మూడింటిలో నాకు బాగా వచ్చింది ఆఖరిది.

ఇక్కడ బోణీ సంగతి చెప్పాలి. పొద్దున్నే కొట్టు తెరిచి, నీళ్ళు చల్లి, తక్కెడకి దణ్ణం పెట్టుకున్నాక వచ్చే మొదటి బేరాన్ని వదులుకోకూడదు. నష్టానికైనా ఇచ్చెయ్యాలి. మొదట వచ్చినవాడు ఒట్టి చేతుల్తో వెళ్ళాడంటే ఇక ఆ రోజంతా ఒట్టిదే. ఇది శాస్త్రమో కాదో నాకు తెలీదు. మా నాన్న నమ్మాడు, బజారంతా నమ్మేది, నమ్మకుండా ఉండేంత తీరిక నాకెప్పుడూ దొరకలేదు.

జోకు వినగడప చేరిన మర్నాడు, నేను ఇంకా కొట్టు చెక్కలు తీస్తుండగానే ఒకతను వచ్చి నిలబడ్డాడు. పెద్దాయన తోటల పనులు చూసే మనిషి. కోరమీసం లేదు, చేతిలో కర్ర లేదు. తలకి తువ్వాలు, నవ్వుముఖం.

"శెట్టిగారూ, చేంతాళ్ళున్నాయా?"

"రండి రండి. మంచి కొబ్బరితాడు."

తీసి ఇచ్చాను. రెండు చేతులకీ చుట్టుకుని ఫట్‌మని లాగాడు.

"గట్టిదేనా?"

"ఎంత పెద్ద బిందెనైనా ఆపుద్దండి."

"మనిషిని ఆపుద్దా?"

నేను అతని ముఖంలోకి చూశాను. అదే నవ్వు.

"నూతిలో పూడిక తియ్యాలండి. మనిషిని దింపాలి గదా," అన్నాడు.

"ఆ... ఆపుద్దండి."

"ఎంతేంటి?"

చెప్పాను. బోణీ కదా అని తగ్గించాను. ఇంకా తగ్గించాను. అతను తాడుని జాగ్రత్తగా చుట్టి, బల్ల మీద పెట్టి, "రేపు చూద్దాం లెండి," అని వెళ్ళిపోయాడు.

రేపు కూడా అతనే వచ్చాడు. ఇంగువ వాసన చూసి, బాగుందని మెచ్చుకుని, రేపు చూద్దామన్నాడు. ఆ తర్వాత బెల్లం. ఆ తర్వాత లాంతరు చిమ్నీ. దాన్ని ఎండకి ఎత్తిపట్టి, అందులోంచి నన్ను కాసేపు చూశాడు. ఒకరోజు విసిగిపోయి, "ఊరికే ఇస్తాను, పట్టుకెళ్ళండి," అన్నాను.

"అమ్మో, ఊరికే తీసుకుంటానా? అయ్యగారికి తెలిస్తే చంపేస్తారండి," అన్నాడు.

పెందలాడే తెరిచి చూశాను. నాకంటే ముందే వచ్చి అరుగు మీద వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు. ఆలస్యంగా తెరిచి చూశాను. "ఒంట్లో బాగుందా శెట్టిగారూ? కంగారుపడ్డాం," అన్నాడు. ఆ "కంగారుపడ్డాం"లో ఎంతమంది ఉన్నారో నాకు తెలియలేదు.

మొదట్లో జనం అతను వెళ్ళేదాకా ఆగి వచ్చేవారు. తర్వాత అతను వెళ్ళాక కూడా రావడం తగ్గించారు. సంతకి వచ్చిన పెనుగొలను రైతులు మా కొట్టు ముందుకొచ్చేసరికి బజారుకి అవతలి పక్కన ఏదో గొప్ప విశేషం ఉన్నట్టు అటు చూస్తూ నడిచేవారు. పేపరు చదివేవాళ్ళు ఒక్కొక్కళ్ళే మానేశారు. చివరికి పేపరు నేనే కొని, నేనే చదివి, నాకే వినిపించుకునేవాణ్ణి. పోలీసుల దగ్గరికి వెళదామంటే ఏమని చెప్పను? "అయ్యా, ఒకతను రోజూ మర్యాదగా ధర అడుగుతున్నాడు" అనా?

మా ఆవిడ ఒకరోజు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏవండీ, ఆ మనిషి ఎన్నాళ్ళొస్తాడు?"

"మీటింగు దాకా వస్తాడు."

"మీరు మాస్టారికి చెయ్యెత్తితే?"

"అప్పుడు అతను రాడు. మనమే పోతాం."

"పెద్దాయనకి ఎత్తితే?"

"కొట్టు ఉంటుంది."

"కొట్టుంటది, మీరుండరు." చారు గరిటె గిన్నెలోనే వదిలేసి నా ఎదురుగా కూర్చుంది. "మీ సంగతి నాకు తెలీదా? కందిపప్పులో రాయొచ్చిందని ఎవరన్నా ఒక్క మాటంటే రెండ్రోజులు అన్నం సయించదు మీకు. ఆయనకి చెయ్యెత్తొచ్చి ఈ బజారులో ఎట్టా తిరుగుతారు?"

"అయితే మాస్టారికి ఎత్తమంటావా?"

"నేనెప్పుడన్నాను? చెయ్యి మీది. దాని కింద మేమున్నామని మాత్రం గుర్తుంచుకోండి," అంది.

చెయ్యి అన్న మాటలో ఒక తిరకాసు ఉంది. అది ఒంటికున్న భాగమూ, ఎవరో మనకిచ్చే ఆజ్ఞ కూడా. చెయ్యి! అంటుంది. ఏం చెయ్యాలో చెప్పదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున, చెక్కలు తీస్తే ఎదురుగా గొడుగు కనపడింది. దాని వెనక మాస్టారు.

"అగ్గిపెట్టె ఇవ్వండి శెట్టిగారూ," అన్నారు.

ఇచ్చాను. డబ్బులు నా అరచేతిలో పెట్టారు. అప్పుడే తువ్వాలు సవరించుకుంటూ తోట మనిషి వచ్చాడు. మా ఇద్దరినీ, అగ్గిపెట్టెనీ చూశాడు.

"మీకు బోణీ పట్టింపు లేదు గదా మాస్టారూ," అన్నాను నేను, గొంతు తగ్గించి.

"మాకు లేదండి. మీకుంది గదా. మీ నమ్మకం చెడిపోతుంటే చూస్తూ కూర్చోవడం మా మతంలోనూ లేదు," అని గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కూడా వచ్చేవారు, వచ్చినప్పుడల్లా ఒక అగ్గిపెట్టె. చుట్ట కూడా తాగని ఆయనింట్లో ఊరంతా అంటుకోవడానికి సరిపడా అగ్గిపెట్టెలు చేరి ఉంటాయి. టిక్కెట్టు మాట మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని నేను ఎదురుచూశాను. అడిగినవాడికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అడగనివాణ్ణి తప్పించుకోవడం ఎలా?

బజారు దీన్ని ఇంకోలా చదువుకుంది. "శెట్టి మాస్టారి బోణీ తీసుకున్నాడు" అన్నారు. ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి పోయేసరికి అది "మాస్టారికి శెట్టి ఓటుతో బోణీ అయింది"గా మారింది. మా బాబాయి మిల్లు వదిలి పరిగెత్తుకొచ్చాడు.

"ఎంత పని చేశావురా! అప్పుడే చెప్పేశావా?"

"ఆయన కొన్నది అగ్గిపెట్టె బాబాయ్, ఓటు కాదు."

"ఎందులో నిప్పుందో ఎవరికి తెలుసురా," అన్నాడు. నా వైపు చూడలేదు. బల్ల మీద ఉన్న తాడు వైపు చూశాడు, బజారులోకి చూశాడు. మనవాళ్ళంతా మాస్టారికే అని ఆ రోజు అరవలేదు. బహుశా మిల్లు చప్పుడు లేకపోవడం వల్ల అనుకున్నాను.

మీటింగుకి ముందు ఒక మధ్యాహ్నం పెద్దాయన స్వయంగా వచ్చారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారు. మా ఆవిడ ఇత్తడి గ్లాసుతో తెచ్చిస్తే, ఎత్తి గుక్కెడు తాగి, "చల్లగా ఉన్నాయమ్మా," అన్నారు. ఎంత మెత్తటి గొంతో!

"మీ నాన్న మంచివాడు శెట్టీ. మా నాన్న ముందు చేతులు కట్టుకుని నిలబడ్డం నేను చూశాను. నీకు ఆ అలవాటు ఉన్నట్టు లేదు."

"ఉందండి బాబుగారూ. తక్కెడ పట్టుకోవడంతో కుదరట్లేదు."

పెద్దాయన గట్టిగా నవ్వారు. వెనక నిలబడ్డ తోట మనిషి కూడా, ఒక క్షణం ఆలస్యంగా నవ్వాడు.

"జోకులు బాగా వేస్తావు. ఆ బడి జోకు కూడా విన్నాలే. మా మనవడికి చెప్పా. వాడూ నవ్వాడు." లేచి, వెళ్ళబోతూ ఆగి, మా గోడని అరచేత్తో తట్టారు. పశువుని కొనేవాడు వీపు తట్టినట్టు. "ఇటుక ఎక్కడిది?"

"విస్సన్నపేట బట్టీదండి."

"మంచి ఇటుక. ఊడదీసినా పాడవదు," అన్నారు.

మీటింగు మిల్లు ఆవరణలోనే. బెజవాడ నుంచి పార్టీ పంపిన పరిశీలకుడు వచ్చాడు. వచ్చినప్పటినుంచీ తిరుగు బస్సు కోసం వాచీ చూసుకుంటూనే ఉన్నాడు. మీటింగు కోసం మర ఆపేశారు. అంత నిశ్శబ్దంగా ఆ మిల్లుని నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడో నూనె చుక్క రేకు మీద పడడం వినపడుతోంది. పెద్దాయన, మాస్టారు ఒకే బల్ల మీద, మధ్యలో గొడుగు.

"ముందు పెద్దాయనగారిని బలపరిచేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు పరిశీలకుడు.

అనుకున్నవాళ్ళు ఎత్తారు. తర్వాత మా బాబాయి చెవి గోక్కోవడానికి చెయ్యి పైకి తీశాడు. ఆ చెయ్యి చెవి దగ్గర ఆగలేదు. అలాగే పైకి పోయింది. దాన్ని చూసి ఇంకోటి, దాన్ని చూసి ఇంకోటి. చూస్తుండగానే నా చుట్టూ అన్నీ చేతులే. మధ్యలో నేనొక్కణ్ణి నేల చూపులు చూస్తూ.

అప్పుడు అర్థమైంది నాకు. అన్నాళ్ళూ మా కొట్టు ముందు నిలబడ్డ మనిషి నాకోసం నిలబడలేదు. మా కొట్టు బజారు నడిమధ్య ఉంది, అందరికీ కనపడుతుంది, అందుకని నిలబడ్డాడు. పాఠం చెప్పింది వీళ్ళకి. నేను నల్లబల్లని. మాస్టారి పక్కన కూర్చున్నారని కాదు గానీ, పెద్దాయన కూడా బడి బాగానే నడిపారు.

"ఇంక తేలిపోయినట్టేగా. రెండో పేరు కూడా అడగాలా?" అన్నాడు పరిశీలకుడు.

"అడగండి. పద్ధతి పద్ధతే గదా," అన్నారు పెద్దాయన, అదే మెత్తటి గొంతుతో.

"సరే. మాస్టారిని బలపరిచేవాళ్ళు?"

లెక్క తేలిపోయింది. ఎత్తినా మాస్టారికి టిక్కెట్టు రాదు. ఎత్తకపోతే మాకు కొట్టు ఉంటుంది. వ్యాపారస్థుడికి ఇంతకంటే తేలికైన లెక్క ఎవరూ ఇవ్వరు. మాస్టారు కూడా నా వంక చూసి వద్దని తల అడ్డంగా ఊపారు, తప్పు జవాబు రాయబోతున్న పిల్లవాణ్ణి ఆపినట్టు. నేను ఛాతీ విరుచుకుని ఎత్తానని ఇప్పుడు రాసుకోవచ్చు. కాదనడానికి అప్పటివాళ్ళు పెద్దగా మిగల్లేదు. నిజానికి చెయ్యి ఒణుకుతూ లేచింది. భుజం దాకా వచ్చి ఆగింది. బాబాయి చెయ్యి ఇంకా పైకే ఉందేమోనని చూశాను. దించేశాడు, చొక్కా జేబులో పెట్టేసుకున్నాడు. నాది మిగతా దూరం వెళ్ళింది.

"ఒకటి," అన్నాడు పరిశీలకుడు. వాచీ చూసుకున్నాడు.

బయటికి వస్తుంటే పెద్దాయన మెళ్ళో దండతో అందరికీ నమస్కారం పెడుతున్నారు. నా దగ్గర ఆగారు.

"ఒక్కటే లేచిన చెయ్యి బాగా కనపడుద్దయ్యా శెట్టీ," అన్నారు.

మర్నాడు తోట మనిషి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. జనం మెల్లగా కొట్టుకి రావడం మొదలుపెట్టారు. పెద్దాయన ఎన్నికల్లో గెలిచారు. మాస్టారు బెజవాడ అవతల ఏదో స్కూల్లో చేరిపోయారు; వెళ్ళేముందు వచ్చి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. పొమ్మనే కబురు కోసం నేను రోజూ చూశాను. రాలేదు.

కబురు బదులు టేపు వచ్చింది. తోట మనిషి ఇద్దరు కూలీలతో వచ్చి మా కొట్టు పొడుగు, వెడల్పు, అరుగుతో సహా కొలిచాడు.

"ఏంటండీ ఇది?"

"కొలుస్తున్నాం శెట్టిగారూ."

"ఎందుకని?"

"అయ్యగారు కొలవమన్నారండి."

కొలిచి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చి మళ్ళీ కొలిచారు. "ఏమన్నా పెరిగిందా?" అన్నాను, నవ్వు తెచ్చుకుని. "లేదండి, అంతే ఉంది," అన్నాడు. ఆ దసరాకి అద్దె పట్టుకెళితే పెద్దాయన తీసుకున్నారు, కాఫీ ఇప్పించారు, పిల్లల చదువులు అడిగారు. స్థలం ఎందుకు కొలిపిస్తున్నారో నేను అడగవచ్చు. అడిగితే చెప్తారేమోనని అడగలేదు.

ఇంట్లో మార్పు నాకంటే ముందు మా ఆవిడలో వచ్చింది. ఏడాదికి సరిపడా చింతపండు కొనిపెట్టడం మానేసింది. వానకి ముందు పెంకులు తిప్పించమని అడగలేదు. పెరట్లో పాదులు పెట్టలేదు. కొలతలవాళ్ళు వచ్చినప్పుడల్లా పిల్లల్ని లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసేది. అలా రెండు వేసవులు గడిచాక ఒకరోజు, "వాళ్ళు పొమ్మనరండీ. మనమే పోవాలని చూస్తున్నారు. పోదాం," అంది. విస్సన్నపేటలో వాళ్ళ తమ్ముడు మాకొక అద్దె కొట్టు చూశాడు.

బళ్ళకి సామాను ఎత్తుతుంటే తోట మనిషి ఎక్కణ్ణుంచో వచ్చి, పిలవకుండానే, తువ్వాలు నడుముకి బిగించి బస్తాలు అందుకున్నాడు. బాగా పని చేశాడు. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు.

"దూరం కాదులెండి శెట్టిగారూ, విస్సన్నపేటే గదా. కొట్టు కూడా మంచి చోట దొరికింది, బస్సులు ఆగే దగ్గర. అయ్యగారు కూడా మంచిదే అన్నారు."

ఏ ఊరో, ఏ కొట్టో నేను ఎవరికీ చెప్పలేదు. మా బావమరిది వైపు చూశాను. తను కూడా చెప్పలేదన్నట్టు తల ఊపాడు. బండివాడు ఎడ్లని అదిలించాడు. మా ఆవిడ చంటిదాన్ని ఒళ్ళోకి లాక్కుని చీరకొంగు దాని తల మీదుగా కప్పింది. అప్పటికి ఇంకా ఎండ రాలేదు.